ఇరుసుకు కట్టిన దిష్టి

చలికాలం అరబ్బులు ఎడారికి లాక్కుపోయి మకాం పెట్టే చక్రాల ఇళ్లను కారవాన్లంటారు. పాతవి కొని, బాగుచేసి, దళారీ లేకుండా అమ్మడం నా పని. ఎవరూ నేర్పలేదు. పాడైనవి విప్పి విప్పి నేర్చుకున్నాను.

ఆ ఏడు నాతో పొత్తు కలిసినవాడు కోస్తా నుంచి వచ్చిన హౌస్ డ్రైవర్. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఓ అరబ్బు ఇంట్లో డ్యూటీ. నోరు తప్ప వేరే పనిముట్టు ముట్టడు. కొనేవాణ్ణి తేవడం అతని వంతు, తక్కినదంతా నాది. ఇద్దరం కలిసి కొన్న పాత కారవాన్‌లో ఉప్పుగాలికి చివికిపోయిన నేలచెక్కలు నేను పీకుతుంటే, పైన కొత్త షీటు పరిచి కప్పెట్టమన్నాడు.

"లోపల ఎవడు చూస్తాడు బాబాయ్?"

"కాలు దిగబడ్డోడు చూస్తడు."

ఎండాకాలమంతా ఆ రేకుపెట్టెలో ఉడికి నేల మొత్తం మార్చాను. శనివారం పొద్దుటికి తీయకపోతే తుక్కుకు లాగిస్తానని, దాన్ని నిలిపిన యార్డు యజమాని పట్టుబట్టి కూర్చున్నాడు. శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత ఒక అరబ్బు పెద్దాయన వచ్చాడు. లోపలికెక్కి నేలను కాలితో తన్ని చూశాడు. "జైన్, జైన్," బాగుందని నవ్వాడు. బేరం కుదిరింది. తన బండికి తగిలించుకోబోతూ కిందికి వంగి, అలాగే ఆగిపోయాడు.

ఇరుసుకు నల్లదారంతో నిమ్మకాయ, మిరపకాయలు, బొగ్గుముక్క వేలాడుతున్నాయి.

"షూ హాదా?" ఏమిటిదని అడిగాడు, గొంతు మారింది. "సెహర్!" చేతబడి అని.

నా పొత్తుదారు రెప్ప కూడా వేయలేదు. "అనా మాఫీ మాలూమ్ బాబా. నాకేం తెలీదు, పనంతా ఈయనే," అని నా వైపు వేలు చూపించాడు.

ఈ దేశంలో సెహర్ అన్న మాట జైలుదాకా పోతుందని నాకు తెలుసు. చెడ్డకన్ను తగులుతుందని మీరు భయపడరా, మాకూ అదే భయం, అందుకే మావాళ్లు కడతారు, అంతేనని నాకొచ్చిన వంకర అరబ్బీలో చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు. నమ్మాడేమో కూడా. "ఇందులో పడుకునేది నా పిల్లలు," అని మాత్రం అన్నాడు. తలుపు మెల్లగా మూసి వెళ్లిపోయాడు. పోలీసులను పిలవలేదు. ఆపాటి మర్యాద నా తెలుగువాడి దగ్గర దొరకలేదు.

"ఎందుకు కట్టినవ్ రా?"

"కొత్తగా మెరిసిపోతోంది కదా బాబాయ్, అందరి కళ్లూ దాని మీదే. మా ఊళ్లో లారీలక్కూడా కడతాం."

"ఇది మీ ఊరి లారీనా? కట్టినోడివి, నేనే కట్టిన్నని చెప్పనీకి నోరు రాలే?"

"పెళ్లాం బిడ్డలున్నోణ్ణి."

"నేను గాలికి పుట్టిన్నా?"

శనివారం తుక్కు లారీ వచ్చింది. గొలుసులు వేసి పైకి లేపుతుంటే గోడలు నలిగాయి గాని, నేను బిగించిన నేల ఇంతైనా వంగలేదు. పక్కన నిలబడి అతను తల పంకించాడు.

"చూశావా బాబాయ్, ఎంత దిష్టో! ఒక్క నిమ్మకాయ ఆనలేదు."

నా చేతిలో పెద్ద పానా ఉంది. దాన్ని సంచిలో పడేసుకుని, అతన్ని దాటుకుని వచ్చేశాను. ఆనాటి నుంచి ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ వైపు పనుందని ఎవరు పిలిచినా పోను.