నేపాల్ కొండకు పైపులు, రోలాలో పూతరేకులు

నిన్న సాయంత్రం పక్క ఫ్లాట్ అమ్మాయి తలుపు తట్టి, "ఆంటీ, సూట్‌కేసు తూచే కొక్కెం త్రాసు ఉందా?" అని అడిగింది. కాలేజీ వాళ్ళతో కలిసి కెన్యాలో ఏదో బడికి రంగులు వేయడానికి వెళుతోందట. త్రాసు ఇచ్చాను, అడగని సలహాలు అరగంట ఇచ్చాను. వింటున్నట్టు తల ఊపుతూనే ఒంటికాలి మీద గెంతుతున్న ఆ పిల్ల ఆత్రం చూశాక, అజ్మాన్‌లోని ఈ హాలు నిండా కుళాయిలు, పైపు జాయింట్లు పరుచుకుని మేం కూర్చున్న ఒక చలికాలం గుర్తొచ్చింది.

కరోనా తగ్గి విమానాలు మామూలుగా తిరగడం మొదలైన రోజులవి. నేను షార్జాలో ఒక బడిలో ఫిజిక్స్ చెబుతాను. ఆదివారాలు ఉమ్ అల్ క్వైన్‌లోని ఒక కార్మికుల క్యాంపుకు వెళ్ళి మన తెలుగువాళ్ళకు ఫారాలు నింపి పెట్టడం, ఆ వంకతో తాయెత్తుల మీద, వాస్తు మీద నాలుగు మాటలు అనడం నా అలవాటు. చర్చావేదికల మీద పెరిగినదాన్ని. ఎదురుగా మనిషి ఉంటే చాలు, మైకు లేకపోయినా సర్దుకుంటాను. అక్కడ జగిత్యాల వైపు నుంచి వచ్చిన ప్లంబరు ఒకతను నన్ను అక్కా అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. అతని పై మంచం ఒక నేపాలీది. ఒక ఆదివారం ఆ నేపాలీ ఫోనులో తన ఊరి బడి చూపించాడు. బడికి ఎగువన కొండలో ఊట ఉంది, బడిలో చుక్క నీరు లేదు. పిల్లలు లెక్కల పీరియడ్ వదిలి బిందెలు మోస్తారట. ఊళ్ళో పైపు పని తెలిసిన మగవాళ్ళందరూ గల్ఫ్‌లో పైపులు వేస్తున్నారు. అతనికేమో ఆ ఏడాది సెలవు లేదు.

తమ్ముడు ఆ వీడియో రెండుసార్లు చూశాడు. "వారం పని అక్కా. నీళ్ళు పైనుంచి కిందికొస్తయ్, మోటర్ గూడ అక్కర్లే" అన్నాడు. ఆ మాట చాలు నాకు. ఇంటికి చేరేలోగా, బస్సులోనే, దండయాత్ర ప్రకటించేశాను. పదిహేను రోజుల్లో ఆరుగురం పోగయ్యాం. మా బడి టీచర్లు ఇద్దరు, ఆఫీసుల్లో పనిచేసే ఇంజనీర్లు ఇద్దరు, నేను, తమ్ముడు. ఆరుగురిలో ఐదుగురికి నీటి విలువ మీద ఉపన్యాసం ఇవ్వడం వచ్చు, పైపు బిగించడం ఒక్కడికే వచ్చు. మా టికెట్లు మేం కొనుక్కోగలం. తమ్ముడి టికెట్టూ, పైపుల ఖర్చూ చందాల మీద రావాలి.

చందా అనగానే నా బుర్ర నలభై ఏళ్ళ వెనక్కి వెళ్ళి, డబ్బా పట్టుకుని వీధి వీధీ తిరగడానికి సిద్ధమైపోయింది. వాట్సాప్‌లో పిలుపు కూడా ఇచ్చాను. అర నిమిషంలో మా ఇంజనీర్లలో ఒకతను ఫోను చేసి, "మేడం, ముందు అది డిలీట్ చేయండి. ఈ దేశంలో అనుమతి లేకుండా చందా అడిగితే నేరం. నేపాల్‌కు బదులు మరోచోటికి వెళతాం" అన్నాడు. సరే, లైసెన్సు ఉన్న ఒక ధర్మసంస్థ ఆఫీసుకు వెళ్ళాం. అక్కడి ముదీరా, అంటే మేనేజరు, ఒక ఎమిరాతీ ఆమె, నా ప్రసంగమంతా ఓపికగా విని, "ముందు అనుమతి, తర్వాత ఆవేశం" అని నవ్వింది. కాగితాల మీద ముద్రలు పడ్డాక, వాళ్ళ సంతలోనే ఒక బల్ల, వాళ్ళ తాళం వేసిన డబ్బా మాకు దక్కాయి. "ఖలాస్. ఇక ఏం అమ్ముతారో మీ ఇష్టం" అంది.

ఏం అమ్మాలో చెప్పింది పూతరేకుల అక్క. ఆమెది గోదావరి జిల్లా. షార్జాలో ఒక అరబ్బుల ఇంట్లో వంటపని. సెలవు రోజున అదే ఊళ్ళో రోలా అనే పేటలో ఎనిమిదిమంది ఆడవాళ్ళు పంచుకునే ఫ్లాటుకు వచ్చేది. పూతరేకులు తీసే కుండను ఐదు చీరల్లో చుట్టి, పిల్లాణ్ణి మోసినట్టు విమానంలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. ఆ కుండను గ్యాస్ పొయ్యి మీద బోర్లించి, పల్చని బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి ఒక్క లాగు లాగితే, కుండ వీపు మీద తెల్లని పొర లేచేది. ఊళ్ళో కొబ్బరాకుల మంట మీద చేసే పని ఇది. ఇక్కడ వంటింట్లో గాలికి రేకు ఎగిరిపోతుందని ఫ్యాను ఆపేసేవాళ్ళు. అందరం చెమటలు కక్కుతూ, నెయ్యి వాసనలో తేలుతూ ఉండేవాళ్ళం. మొదటి రోజు పొయ్యి వెలిగించే ముందు ఆమె కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. నేను ఊరుకుంటానా? "అక్కా, నీళ్ళు భూమ్యాకర్షణ వల్ల కిందికొస్తాయి, ప్రార్థన వల్ల కాదు" అన్నాను. ఆమె ఒక కన్ను తెరిచింది. "అలాగేనండి టీచరమ్మగారూ. ఆ ఆకర్షణగారిని ఓపాలి వచ్చి రేకు తియ్యమనండి చూద్దాం" అంది. ఫ్లాటంతా పగలబడి నవ్వింది. పంతం కొద్దీ గుడ్డ నేనే అందుకున్నాను. నాలుగు రేకులు చింపి, రెండు వేళ్ళు కాల్చుకుని, మర్యాదగా బెల్లం తురమడానికి కూర్చున్నాను. సంతలో మా బల్ల ముందు వరస గుమ్మం దాటింది. మధ్యాహ్నానికే రేకులు అయిపోయాయి. పైపులు, టికెట్టు, రెండూ ఖాయమని సాయంత్రం ధర్మసంస్థ వాళ్ళు చెబితే ఆ ఫ్లాటులో ఈలలు వేశాం.

ఆ ఈలలు ఆగకముందే తమ్ముడి ఫోను. "అక్కా, నేను రాలేనక్కా. ఇంట్ల ఒప్పుకుంటలేరు. ఉత్తరం దిక్కు పయనం మంచిగ లేదని పంతులు చెప్పిండంట." అతను లేకపోతే ఆ కొండ మీద మేం ఐదుగురం చేయగలిగింది ఉపన్యాసాలే. నాకు ఒళ్ళు మండింది. అతని భార్య నంబరు తీసుకుని, నమస్కారమైనా సరిగా చెప్పకుండా మొదలుపెట్టాను. దిక్కులన్నవి మనిషి పెట్టుకున్న గుర్తులని, భూమి గుండ్రంగా ఉంటుందని, ఉత్తరం వైపు పోతూ పోతూ ఉంటే దక్షిణమే వస్తుందని, పంచాంగం విమానం నడపదని ఇరవై నిమిషాలు దంచాను. అవతల ఎక్కడో మేక అరుస్తోంది. నేను ఊపిరి తీసుకున్నప్పుడు ఆమె నెమ్మదిగా మాట్లాడింది.

"అయిపోయిందా అక్కా? మా ఇంటికి ఏ పంతులు రాలే. నేనే వద్దన్న. రెండేండ్లకు నెల రోజులొస్తడు. మొదటి వారం బిడ్డ దగ్గరికే పోదు, తలుపు సాటుకెల్లి చూస్తది. రెండో వారంల బాపూ అని పిలుస్తది. మీరు అడిగేటివి గా రోజులే."

ఇందాక సరిగా చెప్పని నమస్కారం చెప్పి ఫోను పెట్టేశాను. తర్వాత తమ్ముణ్ణి పట్టుకుని అబద్ధమెందుకు చెప్పావని అడిగితే తల గోక్కున్నాడు. "పంతులు పేరు చెప్తే నువ్వు ఆయన మీద వడ్తవ్, నన్ను ఇడుస్తవ్ అనుకున్న అక్కా." నన్ను నా కంటే బాగా చదివాడు.

క్షమించమని చెప్పడానికి మర్నాడు మళ్ళీ ఫోను చేశాను. అతన్ని ఇంటికే వెళ్ళమంటానని, పైపుల పని మరో ఏడాది చూసుకుంటామని చెప్పాను. ఆమె అదంతా పక్కన పెట్టి, "అక్కా, నేపాల్ మన పక్కకే గదా? రైలు పోతదా?" అంది. మ్యాపు తెరిచి చూశాను. వాళ్ళకు దగ్గరి పెద్దపల్లిలో రైలెక్కితే గోరఖ్‌పూర్, అక్కడి నుంచి బస్సులో సరిహద్దు. మనవాళ్ళకు పాస్‌పోర్టు కూడా అక్కర్లేదు. దిక్కుల మీద ఇరవై నిమిషాలు మాట్లాడిన ఫిజిక్స్ టీచరుకు ఆ సంగతి తట్టలేదు. "మా అవ్వను తోడు తీసుకొని బిడ్డతోని మేమే వస్తం. బాపు పని చేస్తుంటె చూస్తది. ఫోన్ల మొఖమే తప్ప ఆయన చేతి పని అది ఎన్నడు చూడలే" అందామె. జిల్లా దాటని మనిషి దేశం దాటుతానంటోంది, అదీ మేకను ఎవరికి అప్పజెప్పాలా అని ఆలోచిస్తూ. నేను ఫోను పట్టుకుని హాల్లో గెంతాను.

షార్జా విమానాశ్రయంలో తమ్ముడు చెక్-ఇన్ వరసలో నిలబడి పదిసార్లు ఫోను చూసుకున్నాడు. ఆమె రైలు దిగి బస్సెక్కింది. బిడ్డ కిటికీ వైపు కూర్చుంది. అవ్వకు వాంతులు. ప్రతి కబురూ మా అందరికీ చదివి వినిపించాడు, వెనక నిలబడ్డ పంజాబీ కుటుంబానికి కూడా. "యల్లా, యల్లా" అని కౌంటరతను తొందరపెడితే అందరం నవ్వేశాం.

కాలం మారాలని జీవితమంతా వేదికలెక్కి అరిచాను. అది మారేటప్పుడు ఎవరూ అరవనక్కర్లేదని, అది ఒక తల్లిలా ఒళ్ళో బిడ్డను కూర్చోబెట్టుకుని రైలు ఎన్ని గంటలకని అడుగుతుందని నాకు తెలియడానికి ఇన్నేళ్ళు పట్టింది.