టిఫిన్ డబ్బా మోత

సెల్‌ఫోన్ కొన్న కొత్తలో కల్యాణ్ నుంచి భివండీ బస్సులో వస్తున్నాను. ఏటీఎం దగ్గర నిలబడి నా భార్య ఫోన్ చేసింది. కార్డు రహస్య నంబరు మరిచిపోయిందట. ఆ ఖాతాలో ఉన్నది ఆమె మగ్గాలకు నూలు కండెలు చుట్టి కూడబెట్టుకున్న సొమ్ము.

"ఏటీఎం నంబరే గదా, చెప్తున్న ఇను!" అని అరిచాను. సాంచెల మధ్య, అంటే మరమగ్గాల మధ్య బతికిన గొంతు నాది.

నేను అంకెలు చెప్పడం మొదలుపెట్టగానే పక్క సీటులోని ముసలమ్మ తన స్టీలు టిఫిన్ డబ్బాను మూతతో ధనధనా బాదింది.

"పిచ్చి లేసిందా ఏందే, ముసలీ?" అని గద్దించాను.

ఆమె నవ్వింది. "నాకు గాదు బిడ్డా, నీకే. సాంచెల కాడ ఒర్రినట్టు ఒర్రుతున్నవ్. గా నంబరు దొంగ ఇనడా? ఇంటికి పోయినంక చెవుల చెప్పు."

ఫోన్ పెట్టేశాను. అంత చురుగ్గా నాకెవరూ మేలు చేయలేదు. అయినా ఆమె శాంతి నగర్‌లో దిగిపోతుంటే క్షమించమని అడగలేదు. నంబరు ఎవరికీ వినబడలేదు. నేను ఆమెను అన్న మాట మాత్రం బస్సంతా విన్నది.