అక్క నోటికి కాపలా

మా వీధిలో మా పెద్ద తోటికోడల్ని అందరూ దబ్బనం అంటారు. మనిషి సన్నగా, నిటారుగా ఉంటుంది. మాట కూడా అలాగే సూటిగా వచ్చి గుచ్చుకుంటుంది. పైగా పొద్దస్తమానం చేతిలో ఉండేది దబ్బనమే. ఇంటి వెనక రేకుల షెడ్డులో మా అత్తగారు పెట్టిన బైండింగు పని ఇప్పుడు ఆమెదే. చిరిగిపోయిన లైబ్రరీ పుస్తకాలు, ఆఫీసు రిజిస్టర్లు, పరీక్షల ముందు పిల్లలు ఏడుపు మొహాలతో పట్టుకొచ్చే కాగితాల కట్టలు, ఏవైనా సరే, ఆమె చేతిలో పడితే మళ్ళీ ఊడవు. నేను ముందుగదిలో మిషను మీద బట్టలు కుడతాను. కుట్టేది ఇద్దరమూ, పేరు మాత్రం ఆమెకే వచ్చింది. నేను అక్కా అంటాను. అనకపోతే ఊరుకుంటుందా!

ఆ మనిషిని ఒక జబ్బు దాదాపు రెండేళ్ళు పీల్చి పిప్పి చేసింది. తిన్నది వంటబట్టదు. కడుపు ఉబ్బరం, విరేచనాలు, దువ్వెన పెడితే గుప్పెడు జుట్టు. మేడమెట్లు ఎక్కాలంటే మధ్యలో కూర్చోవాల్సిందే. గ్యాస్ అన్నారు, దిగులన్నారు, వయసన్నారు. నలభై దాటగానే ఆడదాని ఒంట్లో ఏ నొప్పి వచ్చినా వయసే కదా జనానికి! చివరికి పెద్దాసుపత్రి డాక్టరమ్మ రక్తం తీయించి, గొంతులోంచి గొట్టం వేసి చూసి, సీలియాక్ అని పేరు చెప్పింది. గోధుమలో, బార్లీలో గ్లూటెన్ అని ఒకటుంటుందట. అది లోపలికి పోయినప్పుడల్లా అక్క ఒళ్ళు తన పేగుని తనే చెడగొట్టుకుంటోందట.

"మందులెన్నాళ్ళు వాడాలి?" అంది అక్క.

"దీనికి మందు లేదమ్మా. అవి తినకపోవడమే మందు. జీవితాంతం. పొడి రాలినంత కూడా వద్దు."

అక్క ఇంటికి రెండు వీధుల ముందే బస్సు దిగి బేకరీ ముందు నిలబడింది. టీలో బన్ను ముంచుకుని తినడమంటే ఆమెకు ప్రాణం. లోపలికి వెళ్ళి ఒక్క బన్ను కొని నా చేతిలో పెట్టింది.

"తిను. నా ఎదురుగానే తిను. చూస్తూ ఉండగలనో లేదో ఇప్పుడే తేల్చుకుంటాను."

"వద్దక్కా."

"తినమన్నానా!"

తిన్నాను. ముద్ద దిగితే ఒట్టు. ఎలా ఉందని అడిగింది. బాగుందన్నాను, ఏం చెప్పను మరి! "బాగుంటుందే. నాకు తెలీదా!" అని ఆ పేవ్‌మెంటు మీదే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరుమంది. దారిన పోయే ముసలాయన ఒకాయన ఆగి చూస్తే, "ఏంటి? మీ ఇంట్లో ఎవరూ ఏడవరా?" అని ఆయన మీద లేచింది. పాపం, ఆయన తల వంచుకుని వెళ్ళిపోయాడు.

అంతే, మళ్ళీ దాని కోసం ఏడవడం నేను చూడలేదు. మర్నాడు వంటింటి మీద దండెత్తింది. తనకంటూ ఒక పెనం, ఒక గరిటె, ఒక జల్లెడ, ఒక కత్తిపీట. వాటికి ఎర్ర దారం కట్టి, ఎవరైనా ముట్టుకుంటే చేతులు విరుస్తానంది. ప్రతి పొట్లం వెనకా చీమల్లాంటి అక్షరాలుంటాయి చూడండి, అవన్నీ చదవడం మొదలుపెట్టింది. సోయా సాసులో గోధుమ! సూపు పొడిలో గోధుమ! కొట్టువాడితో, "ఇందులోకెందుకు దూర్చారయ్యా, దానికేం పని ఇక్కడ?" అని వాడేదో కలిపినట్టు పోట్లాట. మా బావగారు స్కూలు బస్సు నడుపుతారు, నెమ్మది మనిషి. పాపం ఆయన బ్రెడ్డు తినాలంటే గుమ్మం బయట నిలబడి తిని, చొక్కా దులుపుకుని, చేతులు కడుక్కుని లోపలికొచ్చేవారు. చుట్టాల్లో ఒకావిడ, "కొంచెం తింటే ఏమవుతుందే, మరీ విడ్డూరం" అంటే అక్క అన్న మాట ఇప్పటికీ చెప్పుకుంటారు. "సరే పిన్నీ, నువ్వు కొంచెం ఎలకలమందు తిను, ఏమవుతుందో చూసి నేనూ తింటాను."

ఇంత చేసినా తగ్గలేదు. మొదట్లో కాస్త తేరుకున్నట్టే కనిపించి, మళ్ళీ అదే నీరసం, అదే ఉబ్బరం. ఆరు నెలలకి మళ్ళీ రక్తం తీస్తే, జబ్బు ఎంతుందో చెప్పే అంకెలు దిగలేదు. డాక్టరమ్మ మెత్తగానే అడిగింది. "గోధుమ ఎక్కడో లోపలికి పోతోందమ్మా. ఒక్కోసారి మనకే తెలీదు. బయట ఎక్కడైనా తింటున్నారా?" అక్క లేదంది. ఇంటికొచ్చాక, మనసులో ఏదీ దాచుకోని బావగారు డాక్టరమ్మ అడిగిన మాట పొల్లు పోకుండా అత్తగారి చెవిన వేశారు.

మా అత్తగారి గురించి చెప్పాలి. ఆ షెడ్డు ఆవిడ సామ్రాజ్యం. మామగారు పోయాక ముగ్గురు పిల్లల్ని ఆ షెడ్డులోంచే పెంచింది. అక్కకు పని నేర్పింది ఆవిడే. ఇప్పుడు చేతులు వణుకుతాయి కాబట్టి కుట్టలేదు గానీ, అట్టలు అంటించే జిగురు మాత్రం రోజూ పొద్దున్నే తనే వండుతుంది. ఆ గరిటె ఇంకెవరికీ ఇవ్వదు. నోరా, చెప్పక్కర్లేదు. అక్క దబ్బనమైతే ఆవిడ గడ్డపలుగు.

ఆ సాయంత్రం ఆవిడ వరండాలో నిలబడి గోడ అవతలి ఆవిడతో మొదలుపెట్టింది. "పెనాలు వేరట, గరిటెలు వేరట, ఇల్లంతా తలకిందులు చేసేసింది. తీరా చూస్తే ఏముందీ, దొంగతిండి! లైబ్రరీకని వెళ్తుంది చూడు, దారిలో బేకరీ లేదూ? నా కొడుకు పిచ్చివాడిలా గుమ్మం బయట తింటాడు, ఈవిడ మాత్రం వీధిలో మెక్కుతుంది." ఆవిడ గుసగుసలంటేనే రెండిళ్ళ అవతలికి వినపడతాయి. అది గుసగుస కూడా కాదు. పాలబ్బాయి సైకిలాపి మరీ విన్నాడు.

అక్క షెడ్డులోంచి వచ్చింది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. మొహం మాత్రం తెల్లగా పాలిపోయింది.

"అత్తయ్యా, రేపు పొద్దున్నుంచి నా ఎదురుగా కూర్చోండి. నేను లేస్తే లేవండి. బాత్రూముకెళ్తే గుమ్మం దగ్గర నిలబడండి. నా నోట్లోకి ఏం పోతోందో మీ కళ్ళతో చూడండి. ఒక్క ముక్క దొరికినా మీరన్నది ఒప్పుకుంటాను. దొరక్కపోతే, ఇదే వరండాలో, ఇంతే గొంతుతో, కాదని చెప్పాలి."

"చూస్తానే. నాకేం భయమా!" అంది అత్తగారు.

మర్నాడు నిజంగానే స్టూలు వేసుకుని కూర్చుంది. పోలీసు కాపలా అంటే అదీ. అక్క మంచినీళ్ళు తాగితే గ్లాసు అడుగు చూసింది. నేను అన్నం పట్టుకెళ్తే మూత తీసి వాసన చూసి ఇచ్చింది. నాకు మిషను దగ్గర కాలు నిలవక, ఏదో ఒక వంక పెట్టుకుని షెడ్డులోకి తొంగిచూస్తూనే ఉన్నాను. మధ్యాహ్నం దాకా ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. అక్క మొహంలో చిన్న నవ్వు కూడా మొదలైంది.

అన్నాలయ్యాక లైబ్రరీ పుస్తకాలు ముందేసుకుంది. ఒకదానికి వెన్ను మీద జిగురు రాసింది. చేతులు గుడ్డకు తుడుచుకుంది. ఇంకో పుస్తకం తీసుకుని, దారం కొస నోట్లో పెట్టి తడిపి, వేళ్ళతో మెలితిప్పి దబ్బనంలోకి ఎక్కించింది. వేలు నాలుకకి తాకించి కాగితాలు తిప్పింది. మళ్ళీ జిగురు, మళ్ళీ గుడ్డ, మళ్ళీ దారం నోట్లోకి. రోజూ చేసేదే. నేను పెళ్ళై వచ్చినప్పటి నుంచి చూస్తున్నదే.

"అమ్మాయ్, ఆగు" అంది అత్తగారు.

"ఏం, తిన్నానా?" అంది అక్క, తల ఎత్తకుండానే.

"తిన్నావు."

అక్క దబ్బనం బల్ల మీద పెట్టేసింది. "ఏం తిన్నాను?"

అత్తగారు జిగురు గిన్నె వైపు చూపించింది.

మైదా! పొద్దున్నే ఆవిడ జల్లించి, నీళ్ళు పోసి, సన్నని సెగ మీద ఉడికించేది మైదాపిండే. మైదా అంటే గోధుమ కాక మరేమిటి! వంటింట్లో పప్పుడబ్బాలు కూడా అనుమానించాం గానీ, షెడ్డులో ఉన్నది మాకు పిండిలా కనపడనేలేదు. పనిముట్టులా కనపడింది. జిగురు తిండేమిటని ఎవరనుకుంటారు!

"దారం నోట్లో తడపమని నీకెవరు చెప్పారు?" అంది అత్తగారు.

"మీరే."

"వేలు తడి చేసుకుని కాగితం తిప్పమన్నది?"

"మీరే అత్తయ్యా."

ఆవిడ స్టూలు మీదనుంచి లేచి ఇంట్లోకి వెళ్ళిపోయింది. డాక్టరమ్మకి ఫోను చేస్తే, ఆ దారినే పోతుండవచ్చు, జల్లించేటప్పుడు ఎగిరే పిండి కూడా గొంతులోకి దిగుతుంది, అది పూర్తిగా ఆపి చూడండి అంది.

రాత్రి భోజనాల దగ్గర బావగారు నెమ్మదిగా మొదలుపెట్టారు. "పోనీలే, షెడ్డు అద్దెకిచ్చేద్దాం. నీ ఆరోగ్యం కన్నా ఎక్కువా?" అత్తగారు పళ్ళెంలోకి చూస్తూ, "మూసెయ్యండి. నా కళ్ళ ముందు ఇంకది వద్దు" అంది.

అక్క ఒంటికాలి మీద లేచింది. "ఎందుకు మూస్తాను? రొట్టె ఇచ్చేశాను. బన్ను ఇచ్చేశాను. నలుగురిలో కూర్చుని నిశ్చింతగా తినడం ఇచ్చేశాను. ఇప్పుడు నా చేతిలో పని కూడా ఈ జబ్బు చేతిలో పెట్టాలా? నేను ఆ బల్ల దగ్గర్నుంచి లేవను. లేవాల్సింది ఆ పిండి."

"ఇన్నేళ్ళ నుంచీ ఆ జిగురుతోనే..." అని అత్తగారు ఆగిపోయింది.

"మీ పిండి వద్దన్నాను. మీ చెయ్యి వద్దన్నానా?"

అత్తగారు చెయ్యి కడిగేసుకుంది. రెండు రోజులు షెడ్డు వైపు రాలేదు. ఈలోగా అక్కా నేనూ పలుగూ పారా తప్ప అన్నీ పట్టుకుని ఆ షెడ్డు మీద పడ్డాం. బల్ల గీకాం, పుస్తకాలు నొక్కే మర తుడిచాం, పాత కుంచెలు, గుడ్డలు పారేశాం. మిగిలిన మైదా బస్తా సినిమా పోస్టర్లు అంటించేవాడికి ఇచ్చేశాం. దారానికి మైనం, వేళ్ళు తడుపుకోవడానికి తడి స్పాంజి. బజారులో తెల్ల గమ్ము దొరుకుతుంది గానీ, దానితో అంటిస్తే పుస్తకం మళ్ళీ విప్పి బాగుచేయడానికి రాదని అక్క పట్టు. బియ్యప్పిండితో జిగురు వండింది. మొదటిది ఉండలు కట్టింది. రెండోది నీళ్ళలా జారి అట్ట కిందకి కారింది. మూడోది అంటుకుంది, తెల్లారేసరికి లేచిపోయింది. లైబ్రరీ ఆయన వచ్చి చూసి, పెదవి విరిచి, వారం గడువిచ్చాడు. ఇక అక్క గిన్నె విసిరికొట్టడమే తరువాయి.

అప్పుడు గుమ్మంలోంచి వినపడింది. "అది జిగురా, జలుబా?"

అత్తగారు లోపలికొచ్చి గరిటె లాక్కుంది. "బియ్యం నానబెట్టి రుబ్బాలే. గుడ్డలో వడగట్టాలి. నీ కోపమంత మంట పెడితే ఉడుకుతుందా ఏమన్నా? తప్పుకో." ఆవిడక్కూడా ఒక్కసారికి కుదరలేదు లెండి. ఒప్పుకోదు గానీ నేను చూశాను. కుదిరాక మాత్రం ఆ అట్టల్ని నేను గోళ్ళతో లాగినా రాలేదు. ఆ రోజునుంచి ఆవిడ స్టూలు మళ్ళీ షెడ్డులోకి వచ్చింది. అక్క చెయ్యి మరిచిపోయి మూతి దాకా వెళ్తే చాలు, స్కేలుతో ఠపీమని ఒకటి. "చెయ్యి!"

అక్క కోలుకోవడం మొదలుపెట్టింది. మెట్ల మధ్యలో కూర్చోవడం మానేసింది. పోట్లాటల్లో గొంతు కూడా పెరిగింది. కానీ ఒకరోజు నా మిషను దగ్గరకొచ్చి కూర్చుని, "జిగురు మారిందే. నన్ను దొంగన్న మాట ఎవరు మారుస్తారు?" అంది. అత్తగారు ఆ వరండా మాట ఎత్తనే లేదు. అక్క అడగనూ లేదు. అడిగి తీసుకుంటే అది మాటా, నా బొందా!

కొన్ని నెలలకు మళ్ళీ పరీక్షలకి బయల్దేరాం. అత్తగారు కూడా చెప్పులేసుకుని వచ్చి రిక్షాలో ఎక్కి కూర్చుంది. ఎందుకంటే చెప్పదు. డాక్టరమ్మ కాగితాలు చూసి మొహం వికసించి, "అంకెలు బాగా దిగాయమ్మా. సరైన దారిలో ఉన్నారు. తిండి విషయంలో చాలా గట్టిగా ఉన్నట్టున్నారు" అంది.

"మొదట్నుంచీ గట్టిగానే ఉంది" అంది అత్తగారు. "దీని నోట్లో పెట్టింది నేను, డాక్టరమ్మా. నా జిగురు. ఇది దొంగతనంగా ఒక్క ముక్క తినలేదు. రాసుకోండి."

డాక్టరమ్మ నవ్వి, "రాయక్కర్లేదు పెద్దమ్మా, నేను విన్నాను కదా" అంది.

"మీరొక్కరే వింటే చాలదు. నేనన్నప్పుడు వీధి వీధంతా విన్నది."

అని లేచి తలుపు తీసింది. బయట బెంచీల మీద చీటీలు పట్టుకుని కూర్చున్న వాళ్ళందరూ తలలెత్తారు. మా వీధివాళ్ళు కూడా ఇద్దరున్నారు, అందులో ఒకావిడ మా గోడ అవతలి ఆవిడే. అత్తగారు ఆ గుమ్మంలో నిలబడి వణికే చెయ్యి తలుపుకి ఆనించి, వరండాలో అరిచిన గొంతుతోనే, నా కోడలు దొంగతిండి తినలేదు, నేనే అబద్ధమాడాను, ఇంటికెళ్ళాక వీధిలో కూడా చెబుతాను అంది. నర్సు పరుగెత్తుకొచ్చింది. నాకు సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అక్క ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని లోపలికి లాగుతుందనుకున్నాను. లాగలేదు. కుర్చీలో వెనక్కి వాలి, కాళ్ళు చాపుకుని, చివరి మాట దాకా విన్నది.