పొట్లాల సారు

పోయిన నెల ఒక పొద్దున మొయినాబాద్‌లో నా కంప్యూటర్ సెంటర్ షట్టర్ ఎత్తుతుంటే చేవెళ్ల నుంచి ఫోన్ వచ్చింది. మా సార్ వాళ్ళన్న. "తమ్ముడు పోయిండు బిడ్డ. చాయ్ తాగి కుర్చీల ఒరిగిండు, మల్ల లేవలె" అన్నారు. షేర్ ఆటోలో చేవెళ్ల దాకా ఏడుస్తూనే ఉన్నాను. మధ్యలో ఏదో గుర్తొచ్చి ఫక్కున నవ్వేశాను కూడా. పక్కన కూర్చున్నావిడ కొంచెం దూరం జరిగింది.

చేవెళ్లలో కింద వాళ్ళన్న కిరాణా దుకాణం, పైన సార్ కంప్యూటర్ సెంటర్. ఏదో ఆఫీసు వద్దనుకున్న పది పాత సిస్టంలు తెచ్చి, లోకమంతా కలిసి రాసి ఉచితంగా పంచుకునే ఆపరేటింగ్ సిస్టం ఎక్కించి, వాటికి ప్రాణం పోశారాయన. నేను అక్కడే నేర్చుకున్నాను. సార్ ఏనాడూ గల్లాపెట్టె ముందు కూర్చోలేదు గానీ దుకాణం మాత్రం ఆయన్ని వదల్లేదు. సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న ప్యాకేజీలుగా ఎందుకు విడగొడతారని ఎవరడిగినా కిందికి చూపించేవారు. "జీలకర్ర పొట్లం వేరే, ఆవాల పొట్లం వేరే. ఏది పాడైతే గదే మారుస్తం. ఆవాలు పుచ్చినయని దుకాణమంత పారబోస్తమా?" అప్పట్నుంచి పిల్లలకు ఆయన పొట్లాల సారు.

నాది ఎదుటి పార్టీ. నా సెంటర్‌లో ఒక్కో సాఫ్ట్‌వేర్‌కు కావలసిన సరంజామా అంతా కలిపి కట్టేసిన పెద్ద మూటలే వేసుకుంటాను. తెచ్చి దించితే చాలు, పని చేస్తాయి.

"ఇంట్ల పదిమంది ఉంటే పది ఉప్పు డబ్బాలు పెడ్తవా బిడ్డ?" అని ఆటపట్టించేవారు.

"ఒక్కటే డబ్బా పెడ్తే, దాంట్ల నీళ్ళు పడ్డనాడు పదిమందికీ చప్పిడి కూడే గద సార్" అనేదాన్ని.

దగ్గొచ్చేదాకా నవ్వేవారు. ఒప్పుకునేవారు మాత్రం కాదు. పదిహేనేళ్ళు ఇదే పోట్లాట, ఇద్దరిదీ మొండిపట్టే.

సార్‌కు ఒక అలవాటు. ఏదైనా వేసేముందు, తీసేముందు సిస్టం ఒక జాబితా చూపి, సరేనా అని అడుగుతుంది. ఆ జాబితాను పిల్లల చేత నిలబెట్టి పైకి చదివించేవారు. "ముందు సదువు, తర్వాత ఒత్తు" అనేది ఆయన మంత్రం.

అలాంటి మనిషి రెండేళ్ళ కింద ఒక ఆదివారం తానే చదవకుండా ఒత్తేశారు. షాబాద్ వైపు నుంచి వచ్చే ఆడపిల్లలకు ఎల్లుండి ఉద్యోగానికి కంప్యూటర్ పరీక్ష. ప్రాక్టీసుకు ఆ పది సిస్టంలే దిక్కు. కాస్త జాగా మిగులుతుందని, పనికిరాదనుకున్న ఒక చిన్న పొట్లాన్ని పదింట్లోంచీ ఒకేసారి తీసేయబోయారు. జాబితా వచ్చేసరికి ఫోన్‌లో నాతో ఉప్పు డబ్బాల మీదే వాదిస్తూ, దాన్ని చూడకుండానే సరే అని ఒత్తేశారు. మాట మధ్యలో ఆగింది. తర్వాత చాలా మెత్తగా, "బిడ్డా, జర వస్తవా?" అన్నారు.

ఆ చిన్న పొట్లాన్ని నమ్ముకుని ఇంకెన్నో ఉన్నాయట. అది పోతూ పోతూ అన్నిటినీ లాక్కుపోయింది. నేను వెళ్ళేసరికి పది నల్లటి తెరల మీద తెల్లటి అక్షరాలు తప్ప ఏమీ లేవు. వానకు నెట్ కూడా పోయింది. ఒకమ్మాయి ఏడుస్తోంది.

సార్ దగ్గర పొట్లాలన్నీ డిస్కులో ఉన్నాయి గానీ, ఒక్కో సిస్టం కూర్చడానికి మూడు గంటలు. నేను సిస్టమంతా ఒకే మూటగా కట్టి పెన్‌డ్రైవ్‌లో తెచ్చాను, దాన్నే వరసగా దింపుకుంటూ పోయాను. మధ్యాహ్నానికి ఎనిమిది లేచాయి. మిగిలిన రెండూ మరీ ముసలివి, డిస్కులో మూట పట్టేంత జాగా లేదన్నాయి. అప్పుడు సార్ కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నారు. టైపింగ్‌కు ఇది, తెలుగు అక్షరాలకు ఇది అని ఏరి ఏరి, చెరో చేత్తో రెండింటినీ నడుపుతూ సాయంత్రానికి నిలబెట్టారు. లేచి పిల్లల ముందు నిలబడ్డారు.

"తప్పు నాదే. సదవకుంటనే ఒత్తిన. మీరు గిట్ల చెయ్యకుండ్రి."

తర్వాత మిర్చి బజ్జీలు తెప్పించారు. "ఎనిమిది నీవి, రెండు నావి. గెలిచిన అనుకోకు" అన్నారు నాతో, నోటినిండా బజ్జీతో. ఏడ్చిన అమ్మాయికి ఆ ఉద్యోగం వచ్చింది.

దినాలు అయ్యాక సార్ వాళ్ళన్న మేడ మెట్ల దగ్గర నన్ను ఆపారు. "పైన కంప్యూటర్ డబ్బాలు తీసేద్దమా బిడ్డ? నాకైతే గవి తెల్వయి. పిల్లలేమో వస్తనే ఉన్నరు." తీసేస్తే సార్ రెండోసారి పోయినట్టే అనిపించింది నాకు. ఆదివారాలు నేనొస్తానని చెప్పేశాను.

మొదటి ఆదివారమే ఒక అమ్మాయి లేచింది. "మేడం, సార్ నిలబెట్టిన గా రెండిట్ల గూడ కొత్త డిస్కు పెట్టి మూటనే వేద్దం. ఒక్కసారే అయిపోతది."

పదిహేనేళ్ళు నేను వాదించిన మాటే. తీరా నా నోటివెంట వచ్చింది మాత్రం వేరు. "వద్దమ్మా, ఏది పాడైతే అదే మార్చుకోవాలి గానీ..." అని మొదలుపెట్టి, సార్ పక్షాన గంటసేపు వాదించాను. పిల్ల ఒక్క మెట్టు దిగలేదు. కింద షాబాద్ ఆటో హారన్ కొట్టింది. అందరం కిందికొచ్చాం, పిల్లలు ఆటో ఎక్కారు. ఆమె ఒక కాలు ఆటోలో పెట్టి వెనక్కి తిరిగి, "అయినా మేడం..." అంటూనే ఉంది. ఆటో కదిలింది. ఆమె తల బయటపెట్టి ఇంకా ఏదో చెబుతోంది, నేను రోడ్డు మధ్యలో నిలబడి గట్టిగా అరిచి జవాబిస్తున్నాను.