సమ్మక్క దాచిన గొడ్డలి

తెలుగు సరిహద్దు అవతల తర్రెం దగ్గరి ఊళ్లో ఎర్రయ్య అనే రైతు ఉన్నాడు. కోపం వస్తే అతనికి ముందు మాట ఆగిపోయేది. అరిచే మనిషైతే భార్య సమ్మక్క అంత భయపడేది కాదు. అతను మాట్లాడడం మానేశాడంటే కూతురు రేణుకను చంకనేసుకుని పక్కింటికి పోయేది.

ఓ వానాకాలం గట్టు తగాదాలో పక్క చేను రైతు మాసా చెయ్యి విరగ్గొట్టాడు ఎర్రయ్య. కింద పడ్డాక కూడా కొట్టాడు. నలుగురూ పట్టి లాగితేగాని ఆగలేదు. తర్వాత ఊళ్లో ముఖం చూపించలేక గీదం పట్నం పోయి ఇటుకబట్టీలో పనికి చేరాడు. అక్కడ నిద్ర పట్టేది కాదు. ఆ రోజు ఎవరూ అడ్డం రాకపోతే మాసా చచ్చిపోయేవాడని అతనికి తెలుసు. తన చేతులంటే తనకే భయం పట్టుకుంది.

గీదంలో ఓ రైల్వే ఉద్యోగి ఇంట్లో ఆదివారాలు ప్రార్థన జరిగేది. తెలుగు పాట వినబడి లోపలికి వెళ్లాడు. ఆ ఇంటి పెద్దావిడ నూకమ్మ అతను చెప్పిందంతా వింది. ప్రభువు క్షమిస్తాడు, మాసాను మాత్రం క్షమించమని నువ్వే అడగాలి అంది. ఎర్రయ్య బాప్తిస్మం తీసుకుని ఊరికి తిరిగొచ్చాడు. కానీ మాసా ఇంటివైపు వెళ్లే ధైర్యం రాలేదు.

సమ్మక్కకూ నమ్మకం కుదరలేదు. భర్త మోకాళ్లూని ప్రార్థన చేస్తుంటే ఆమె గుమ్మం దగ్గరే నిలబడేది, పారిపోవడానికి వీలుగా. గొడ్డలిని రోజుకో చోట దాచేది.

వరి పొట్టకొచ్చిన రోజుల్లో ఓ పొద్దున మాసా ఎడ్లు ఎర్రయ్య చేలో పడి ఒక మడి మొత్తం తొక్కేశాయి. ఎర్రయ్య చూసి ఇంటికొచ్చాడు. నోట మాట లేదు. మూలలన్నీ వెతికాడు.

"గొడ్డలేది?"

"చెప్ప," అంది సమ్మక్క. దెబ్బ పడుతుందని కళ్లు మూసుకుంది.

దెబ్బ పడలేదు. కళ్లు తెరిచేసరికి అతను గోడకానుకుని, ప్రభువా ప్రభువా అని గొణుగుతున్నాడు.

"మంచిగ దాచినవ్," అన్నాడు చివరికి. "నేనడిగినా ఇయ్యకు."

తర్వాత వట్టి చేతులతో మాసా ఇంటివైపు నడిచాడు. సమ్మక్క పిల్లను పక్కింట్లో దించి వెనకే పరుగెత్తింది.

మాసా అతన్ని దూరం నుంచే చూశాడు. కుడిచెయ్యి సరిగా లేవదు గనుక ఎడమచేత్తో తన గొడ్డలి అందుకున్నాడు. ఎర్రయ్య కంచె బయటే నేలమీద కూర్చున్నాడు. మాసా వచ్చి అతని మీదికి గొడ్డలెత్తి నిలబడ్డాడు.

"మాసన్నా, నీ ఎడ్లను చూసి కోపంతోనే లేచిన. ఇప్పుడొచ్చింది దానికి కాదు. నీ చెయ్యి ఇరగ్గొట్టిన. తప్పయింది. మాఫ్ చెయ్."

మాసా గొడ్డలి దించలేదు. నీ అడుగు వినబడితే ఇప్పటికీ నా పిల్లలు దాక్కుంటారు అని తన దోర్లీ భాషలో అన్నాడు. ఎర్రయ్య తల వంచుకుని ఏడ్చాడు.

మాసా గొడ్డలి దించాడు. క్షమించానని మాత్రం అనలేదు. నీ చేలోంచి ఎడ్లను తోలుకురావాలి, నువ్వూ రా అన్నాడు. ఇద్దరూ ముందు నడుస్తుంటే సమ్మక్క వెనకే వెళ్లింది.

ఆ ఏడు కోతలకు మాసా భార్య ఎర్రయ్య చేలోకి వచ్చింది. మాసా గట్టు మీదే నిలబడ్డాడు. ఎర్రయ్య చెంబుతో నీళ్లు తీసుకెళ్లి గట్టున పెట్టాడు. అతను కాస్త దూరం పోయాక మాసా తీసి తాగాడు.