నాన్న ల్యాంపు నంబరు

దెయ్యాలూ శకునాలూ అంటే నాకు నవ్వు. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే మధ్యలోనే ప్రశ్నలు వేసి పరువు తీసే రకం నేను. ఇప్పుడు ఆ ప్రశ్నలన్నీ నాకే వేసుకుంటున్నాను, నా ఖర్మ.

గుండె పనితీరును కంప్యూటర్‌లో నమూనాగా కట్టి పరిశోధించడం నా పని. ఒక మనిషి గుండె స్కాన్ ఇస్తే, ఆ కొలతలతో తెరమీద అదే గుండె కొట్టుకుంటుంది. ఈ పని నాకు బాగా వచ్చు, మొహమాటం లేకుండా చెబుతున్నాను.

స్కాన్ ఇచ్చినవాళ్ల పేర్లు మేం రాయకూడదు, ఏదో ఒక గుర్తు పెట్టుకుంటాం. మా నాన్న గోదావరిఖనిలో బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. బాయిలోకి దిగేటప్పుడు టోపీకి తగిలించుకునే ల్యాంపుకు ఒక్కొక్కరికి ఒక్కో నంబరు ఉంటుంది. నాన్న కూడా స్కాన్ ఇచ్చాడు, ఆయన గుండెకు ఆయన ల్యాంపు నంబరే పెట్టాను, ముద్దుగా ఉందని.

మొన్న వేసవిలో ఇంటికి వచ్చి పని చేసుకుంటున్నాను. పొద్దున టిఫిన్ తిని కూర్చుంటే, నాన్న గుండె నమూనా తెరమీద తడబడింది. కొట్టుకోవడం, ఆగడం, మళ్లీ అదరడం. ఎన్నడూ అలా చేయలేదు. నా పైప్రాణాలు పైనే పోయాయి. వంటింట్లోకి పరుగెత్తితే, నాన్న చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటున్నాడు.

"నాకేమైంది బిడ్డా, గుండ్రాయి లెక్క ఉన్న," అని నవ్వాడు. నంబరు సంగతి చెప్పగానే నవ్వు ఆగింది. "గా నంబరు ఇప్పుడు నాది గాదు. నేను రిటైరైనంక సంపత్‌కిచ్చిన్రు."

సంపత్ మా వీధిలోనే ఉంటాడు. నాన్న చెప్పులు కూడా వేసుకోకుండా నడిచాడు, వెనకే నేను. నైట్ షిఫ్టు దిగి వచ్చిన సంపత్ ఛాతీ పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"గ్యాస్ కాకా, పండుకుంటే తక్కువైతది," అన్నాడు.

"పండుకునుడు గిండుకునుడు లేదు, జల్ది నడువు దవాఖానకు," అని నాన్న అతన్ని ఆటో ఎక్కించాడు.

గుండెపోటు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు డాక్టర్లు.

మర్నాడు కోడ్ అంతా వెతికాను. తప్పు లేదు. అవే కొలతలతో మళ్లీ నడిపితే చక్కగా కొట్టుకుంది. పోనీ, కంప్యూటరే తడబడిందనుకుందాం. ఆ పొద్దునే ఎందుకు? కొలతలు నాన్నవి, సంపత్ స్కాన్ నా దగ్గర లేనే లేదు. నంబరు పేరు మాత్రమే, లెక్కల్లోకి పోదు. నా నమూనా మీద నాకు ఇప్పటికీ పూర్తి నమ్మకమే.

కోలుకున్నాక సంపత్‌కు బాయి పైన తేలిక పని ఇచ్చారు. నంబరు సంగతి నాన్న నోట విన్న అతని భార్య రజిత, డ్యూటీలో చేరే రోజు నాకు ఫోన్ చేసింది. "డాక్టర్లు పొమ్మన్నరక్కా. నువ్వు చెప్పు, పంపాల్నా?"

డాక్టర్లు చెప్పాక నేనెవరిని అని కసిరాను. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు. ఒక్క నిమిషం ఉండమని, నాన్న గుండెను తెరమీద మళ్లీ నడిపాను. కాసేపు చూశాను.

"పంపు," అన్నాను.