పెద్దమ్మ పచ్చబొట్లు

మొన్న బెంగాల్లోని మా రైల్వే ఊళ్ళో, మలంచా పేటలో ఆటో కోసం నిలబడితే, పక్కనున్న కాలేజీ పిల్ల మోచేతి మీద నీలం పువ్వొకటి కనిపించింది. ముచ్చటపడి పొడిపించుకున్నదే. బాగుందమ్మా అనబోయి ఆగాను. మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

ఎనభైల్లో పెదనాన్న రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. వాళ్ళ క్వార్టరు మా వెనక వరసలోనే కాబట్టి నా భోజనాలు సగం అక్కడే. పెద్దమ్మ చేతుల మీదా పాదాల మీదా నేరేడు రంగు చుక్కలుండేవి, కాస్త ఉబ్బెత్తుగా. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా ఆడవాళ్ళలో పచ్చబొట్టు లేని చెయ్యి అరుదు. ఇవీ అవేననీ, సూది లోతుగా దిగిందనీ అనుకున్నాం. మనిషి తెల్లగా పాలిపోయి ఉంటే పక్కింటి బెంగాలీ దీదీ "ఎంత ఫర్సా!" అని మురిసిపోయేది, మేమూ ఆ రంగు చూసి గర్వపడేవాళ్ళం. పెద్దమ్మ స్టేషను వంతెన సగం ఎక్కి కూలబడి, "మీరెళ్ళండర్రా, నాను రైళ్ళు సూసొస్తాను" అనేది. రక్తం తక్కువని ఇనుము మాత్రలిచ్చారు. విరేచనం నల్లగా అవుతోందంటే ఆ మాత్రల వల్లేననుకున్నాం. "వర్క్‌షాపులో ఇనుమంతా మా ఇంట్లోనే కరుగుతోంది" అని పెదనాన్న నవ్వించేవాడు.

తొంభైల మొదట్లో ఆమె వంటింట్లో పడిపోతే కలకత్తా తీసుకెళ్ళాం. అక్కడి ముసలి డాక్టరు ఒక చుక్కను బొటనవేలితో నొక్కాడు. అది అణిగిపోయి, మెల్లగా మళ్ళీ ఉబ్బింది. పచ్చబొట్లని మేం చెప్పాక, ఎప్పుడు పొడిపించుకున్నారని అడిగితే, చిన్నప్పుడేనని పెదనాన్న చెప్పబోయాడు. పెద్దమ్మ తల అడ్డంగా ఊపి, పుట్టుకతోనే ఉన్నాయని తనకొచ్చిన హిందీలో చెప్పింది. అవి రక్తనాళాలు ఉబ్బి ఏర్పడిన తిత్తులట, చాలా అరుదైన జబ్బట. పేగుల నిండా అలాంటివే ఉండి, ఏళ్ళ తరబడి లోపల రక్తం కారుతోందట. ముందే తెలిస్తే కొన్నయినా కోసి తీసేవాళ్ళమన్నాడు.

"ఇన్నేళ్ళు కాపరం సేసినాం, నాకైనా సెప్పలేదేటే?" అన్నాడు పెదనాన్న.

"ఎవులడిగినా పచ్చబొట్లని సెప్పమని మాయమ్మ ఒట్టేయించుకుంది. తెలిస్తే నువ్వొగ్గేస్తావని బయమేసినాది."

"ఒగ్గేస్తానా, పిచ్చిదానా" అంటూ ఆయన ఆ చేతిని గుండెలకు అదుముకుని అందరి ముందూ ఏడ్చాడు. పెదనాన్న ఏడవడం నేను చూసింది అప్పుడే.

ఎక్కించిన రక్తం ఎక్కించినట్టే పోయింది. పెద్దమ్మ ఆ చలికాలం దాటలేదు. నాకిప్పటికీ కోపమొస్తుంది, ఎవరి మీదో తెలియదు. కాలం ఇట్టే గడిచిపోయిందని అందరం అంటాం. ఆమె కాలం మాత్రం మా కళ్ళెదుటే, బొట్టు బొట్టుగా కారిపోయింది.